గ్లాండ్యులర్ ఫీవర్ తగ్గాక వదలని నీరసం: ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత తినాలి

మా పెద్దమ్మాయి ప్లస్ టూ రెండో ఏడాదిలో ఉండగా, వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వానల్లో జ్వరం అంటే ముందు మలేరియానే అనుకుంటాం. ఆశా కార్యకర్త వచ్చి వేలికి సూది గుచ్చి కిట్‌తో చూసింది, మలేరియా లేదు. నాలుగో రోజుకి గొంతులో తెల్లటి పొర కట్టింది, మెడకి రెండు వైపులా బిళ్ళలు లేచాయి. మా అత్తయ్య తడిమి చూసి "గవదబిళ్ళలేనే, వేపాకు కట్టు" అన్నారు. దగ్గర్లో చూపిస్తే ఆంటీబయాటిక్ రాశారు. రెండు రోజులు వేసేసరికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. చివరికి బరంపురం తీసుకెళ్తే అక్కడ రక్తపరీక్ష చేసి గ్లాండ్యులర్ ఫీవర్ అని తేల్చారు. జ్వరం పద్దెనిమిది రోజులకి పోయింది. నీరసం పోవడానికి ఐదు నెలలు పట్టింది.

ఆ ఐదు నెలల్లో మొదటి నెల వృథా చేసింది నేనే. పథ్యం పేరుతో పిల్లకి గుడ్డు మాన్పించాను, పప్పు మాన్పించాను, పెరుగు చలవ అని మాన్పించాను. జావ, రొట్టె, చారు నీళ్లు, అంతే. నలభై ఆరు కిలోల పిల్ల నలభై రెండుకి దిగింది. మెట్లు రెండు ఎక్కి గోడ పట్టుకునేది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే ఆ నెల పోగొట్టుకోకూడదని వరసగా రాస్తున్నాను.

ముందుగా జబ్బు ఏమిటో తేల్చుకోండి

ఇది ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ వల్ల వస్తుంది. 1889లోనే జర్మనీలో ఫైఫర్ అనే వైద్యుడు దీన్ని "గ్రంథుల జ్వరం" అని వర్ణించాడు, వైరస్ మాత్రం 1964లో దొరికింది. వ్యాపించేది ఎంగిలి ద్వారా. ఒకే సీసా నోట పెట్టుకుని తాగడం, ఒకే చెంచాతో తినడం, ముద్దులు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. మన దగ్గర చాలామందికి చిన్నతనంలోనే సోకి, మామూలు జలుబులా వెళ్లిపోతుంది. టీనేజీ దాకా సోకకుండా ఉండి అప్పుడు అంటుకుంటేనే ఇంత గట్టిగా పట్టుకుంటుంది. అంటిన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత బయటపడుతుంది కాబట్టి ఎవరి దగ్గర అంటిందని వెతకడం దండగ.

మా ప్రాంతంలో తిండి గురించి ఆలోచించే ముందు మలేరియా, డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ ఇవేవీ కావని తేల్చుకోవాలి. ఇవన్నీ మొదటి వారంలో ఒకేలా కనిపిస్తాయి, వీటిలో కొన్ని ఆలస్యమైతే ప్రాణం మీదకి తెస్తాయి. గ్లాండ్యులర్ ఫీవర్‌కి చేసే మోనోస్పాట్ పరీక్ష మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. లక్షణాలు అలాగే ఉంటే మళ్లీ చేయించమని అడగండి. మెడలో బిళ్ళ నెల దాటినా తగ్గకపోయినా, గట్టిగా రాయిలా ఉన్నా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉన్నా టీబీ పరీక్ష తప్పనిసరి.

వైరస్ కాబట్టి ఆంటీబయాటిక్ పనిచేయదు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వేస్తే ఈ జబ్బులో చాలామందికి మా అమ్మాయికి వచ్చినట్టే దద్దుర్లు వస్తాయి. అలా వచ్చిందంటే జన్మంతా ఆ మందు పడదని కాదు. డాక్టరుకి చెప్పి రాయించి పెట్టుకోండి. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకండి.

లాలాజలం కూడా మింగలేకపోతున్నా, ఊపిరి తీస్తుంటే గొంతులో శబ్దం వస్తున్నా, ఎడమ పక్క డొక్కలో గానీ ఎడమ భుజంలో గానీ ఒక్కసారిగా నొప్పి లేచినా, కళ్ళు తిరిగి పడినా ఇంట్లో ఉండకండి, వెంటనే ఆసుపత్రికి. ఎడమ పక్క నొప్పి ఎందుకంటే, ఈ జబ్బులో ప్లీహం ఉబ్బుతుంది. మన పెద్దవాళ్లు "కడుపులో బల్ల" అనేది అదే. ఉబ్బినప్పుడు దెబ్బ తగిలితే పగిలే ప్రమాదం ఉంది.

మొదటి పది రోజులు: గొంతు దిగేదే తిండి

ఈ దశలో బలం పెంచాలని చూడకండి. నీళ్లు, ఉప్పు, కాస్త శక్తి లోపలికి వెళ్తే చాలు. మూత్రం లేత పసుపు రంగులో, నాలుగైదు గంటలకి ఒకసారైనా వస్తోందంటే నీళ్లు సరిపోతున్నాయి. ముదురు రంగులో వస్తే సరిపోవడం లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి సరిగ్గా కొలిచి కలపండి. గ్లాసు చేతికిచ్చి "తాగు" అంటే తాగరు. పావుగంటకోసారి రెండు గుక్కలు మీరే పక్కన కూర్చుని పట్టండి.

గొంతు పుండులా ఉన్నప్పుడు వేడివేడి మిరియాల కషాయం మంటే. గోరువెచ్చగానో, చల్లగానో ఉన్నవి హాయిగా దిగుతాయి. పెరుగు చలవ చేసి జ్వరం పెంచుతుందన్న భయం వదిలేయండి. గడ్డ పెరుగు చిలికి ఉప్పేసి ఇస్తే ఆ గొంతుకి అంతకంటే సుఖం లేదు.

మా ఇంట్లో బాగా పనిచేసింది చోడి (రాగి) అంబలి. రెండు పెద్ద చెంచాల చోడి పిండి, అంటే సుమారు ముప్పై గ్రాములు, గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రి మూత పెట్టి ఉంచుతాను. పొద్దున్న ఇంకో గ్లాసున్నర నీళ్లు మరిగించి, ఆ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా పది నిమిషాలు కలుపుతాను. గరిటె ఎత్తితే నూనెలా జారాలి, ముద్దలా పడకూడదు. పూర్తిగా చల్లారాక గ్లాసు చిక్కటి మజ్జిగ, ఉప్పు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఇంట్లో మిగతావాళ్లకి విడిగా. పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) ఇదే మాండియా జావులో బెల్లం వేసి పంపేది. అమ్మాయికి రెండూ నచ్చేవి, పొద్దున ఉప్పుది, సాయంత్రం తీపిది.

తరవాణి, పఖాళ (నీళ్లు పోసి పులియనిచ్చిన అన్నం) కూడా ఇవ్వవచ్చు, నోటి అరుచికి మంచివి. కాచిన నీళ్లు పోసి, శుభ్రమైన గిన్నెలో, ఒక్క రాత్రి నాననిచ్చినదే ఇవ్వండి. అందులో మాంసకృత్తులు పెద్దగా ఉండవు కాబట్టి అదొక్కటే తిండి అనుకోవద్దు.

పెసరకట్టు విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. పెసరపప్పు ఉడికించి, పైన తేరిన తేట వడకట్టి, పచ్చని ఆ నీళ్లు గ్లాసు నిండా ఇచ్చి పప్పు తినిపించానని తృప్తి పడేదాన్ని. బలమంతా గిన్నె అడుగున ఉండిపోయేది. యాభై గ్రాముల పప్పులో పన్నెండు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మెత్తగా ఉడికించి, కవ్వంతో చిలికి, జల్లెడ పట్టకుండా నీళ్లు ఎక్కువ పోసి పలచన చేసి ఇవ్వండి. చికెన్ సూప్, ఎముకల సూప్ విషయమూ అంతే. ముక్కని నలిపి అందులోనే కలిపితేనే లెక్క.

సెలైన్ గురించి కూడా ఇక్కడే. నీరసం అనగానే "ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టించేద్దాం" అంటారు. అయిదు శాతం గ్లూకోజ్ ఉన్న అరలీటరు బాటిల్‌లో ఉండేది పాతిక గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. అసలు మింగలేని మనిషికి, వాంతులు ఆగని మనిషికి అది అవసరమే. మింగగలిగే మనిషికి ఆ డబ్బుతో రెండు డజన్ల గుడ్లు వస్తాయి.

కామెర్ల పథ్యం మొదలుపెట్టకండి

ఈ జబ్బులో చాలామందికి కాలేయం కాస్త వాస్తుంది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే లెక్క) పెరిగి కనిపిస్తుంది. కొద్దిమందికి కళ్ళు పచ్చబడతాయి కూడా. రిపోర్టు చూసి ఎవరో ఒకరు "పచ్చకామెర్లు, పసరు పోయించండి" అంటారు. మాకూ చెప్పారు, కొండ దారిలో ఫలానా ఊళ్లో ఇస్తారని. వెళ్లలేదు, అదొక్కటీ నేను సరిగ్గా చేసిన పని. ఆ పసరులో ఏముందో మనకి తెలియదు. అసలే దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో బరువు ఎందుకు? తిప్పతీగ కషాయం కూడా ఇప్పుడు వద్దు. కోవిడ్ రోజుల్లో అది రోజూ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్లని మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు.

ఉప్పు, నూనె, పప్పు అన్నీ మానేసి నెల రోజులు మజ్జిగన్నం పెట్టే పథ్యం వల్ల కాలేయానికి ఒరిగేది లేదు. కండ కరుగుతుంది, అంతే. వికారం ఉన్న రోజుల్లో వేపుళ్లు, మసాలా తగ్గించండి. చెంచాడు నెయ్యి, తిరగమోతలో కాస్త నూనె పరవాలేదు. పెద్దవాళ్లయితే మద్యం పూర్తిగా బంద్, రిపోర్టు మామూలుగా వచ్చేదాకా. పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదు దాటకండి. జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే తెలియకుండానే ఎక్కువైపోతుంది.

రెండో వారం చివర నుంచి: పోయిన కండ తిరిగి కట్టడం

ఇక్కడే అసలు పని. తిండి వైరస్‌ని చంపలేదు. అలా చంపే ఆకు గానీ పండు గానీ పొడి గానీ లేదు. వైరస్‌తో పోరాడేది ఒంట్లోని రక్షణ కణాలు. మెడలో ఆ బిళ్ళలు ఉబ్బేది కూడా అవి అక్కడ పనిలో ఉండబట్టే. మూడు వారాల జ్వరంలో తిండి లేక ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. జ్వరం పోయాక కాళ్ళు వణకడంలో ఆ కరిగిన కండ వాటా చాలా ఉంది. దాన్ని మాత్రం తిండితో తిరిగి కట్టుకోవచ్చు.

లెక్క సులువు. కోలుకునే మనిషికి కిలో బరువుకి రోజుకి సుమారు 1.2 గ్రాముల మాంసకృత్తులు అనుకోండి (కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగాలి). మా అమ్మాయి నలభై రెండు కిలోలు, అంటే రోజుకి యాభై గ్రాములు. రెండు గుడ్లలో పన్నెండు. పాలు, పెరుగు కలిపి మూడు వందల మిల్లీలీటర్లలో పది. యాభై గ్రాముల పప్పులో పన్నెండు. అరవై గ్రాముల చేపలో పదకొండు. గుప్పెడు వేరుశనగ గుళ్లు, ముప్పై గ్రాములలో ఏడు. అన్నంలో ఉన్నది లెక్క వేయకుండానే యాభై దాటింది. ఇంతకు ముందు నేను పెట్టిన జావ, చారన్నం లెక్కేస్తే ఇరవై కూడా రాలేదు.

చేప అంటే ఖరీదైనదే అక్కర్లేదు. ముళ్లతో సహా నమిలేసే చిన్న చేపలు, ఎండు నెత్తళ్లు చవక, వాటిలో సున్నం (కాల్షియం) కూడా దొరుకుతుంది. శాకాహారులైతే ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద), సోయా ముక్కలు, ఉలవలు. ఉలవచారు కాచి తేట మాత్రమే తాగి ఉలవలు పశువులకి వేసే అలవాటు ఉంది మనకి. కోలుకునే మనిషికి ఆ ఉలవలే గుగ్గిళ్లుగా పెట్టండి, మెత్తగా ఉడికించి. మా మావుసి నేర్పిన దాల్మా ఈ నెలల్లో మా ఇంటి కూర అయిపోయింది. కందిపప్పులో పచ్చి అరటి, గుమ్మడి, బొప్పాయి కాయ ముక్కలు కలిపి ఉడికించి, వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. ఒక్క గిన్నెలో పప్పు, కూర రెండూ, నమలడానికి శ్రమ లేదు. తినడానికే ఓపిక లేని మనిషికి ఆ ఒక్క గిన్నె ఎంత మేలో చూస్తేనే తెలుస్తుంది.

మూడు పూటలా కడుపు నిండా పెట్టాలని చూస్తే నాలుగు ముద్దలకే చేయి కడిగేస్తారు. ప్లీహం ఉబ్బి ఉంటే పొట్ట త్వరగా నిండినట్టు అనిపిస్తుంది కూడా. అందుకని ఆరు చిన్న పూటలు. మాకు కుదిరింది ఇలా: లేవగానే గ్లాసు పాలు, రెండు ఖర్జూరాలు. ఎనిమిదిన్నరకి ఇడ్లీ రెండు లేదా పెసరట్టు, ఒక గుడ్డు. పదకొండుకి చోడి అంబలి. ఒంటిగంటకి అన్నం, దాల్మా లేదా మునగాకు పప్పు, చేప, పెరుగు. నాలుగున్నరకి మురమురాల్లో వేరుశనగ గుళ్లు, నిమ్మరసం పిండి. ఎనిమిదికి అన్నమో రొట్టో, ఇంకో గుడ్డు. మా అమ్మాయి రాత్రి గుడ్డు వద్దని గొడవ చేసేది. "అమ్మా, వాసనొస్తోంది, ప్లీజ్" అని మొహం తిప్పుకునేది. జబ్బు తర్వాత కొన్ని వాసనలు పడవు, బలవంతం చేయకండి. అదే గుడ్డు అన్నంలో గిలక్కొట్టి మిరియాల పొడి వేస్తే తినేసింది.

రక్తం లెక్క, మాత్రల లెక్క

జ్వరం పోయి నెల అయినా నీరసం తగ్గకపోతే వైరస్ మీదే నెపం పెట్టి కూర్చోకండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, థైరాయిడ్, షుగర్ చూపించండి. ఆడపిల్లలకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. మా అమ్మాయికి 9.4 ఉంది, జ్వరానికి ముందు నుంచీ ఉండి ఉంటుంది, మేమే ఎప్పుడూ చూపించలేదు. నీరసంలో సగం వాటా దానిదే.

ఒక్క జాగ్రత్త. దక్షిణ, పశ్చిమ ఒడిశా జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఎక్కువ. అది గానీ తలసేమియా గానీ ఉన్నవాళ్లకి రక్తం తక్కువైనా ఐరన్ లోపం ఉండకపోవచ్చు, ఐరన్ మాత్రలు కీడు కూడా చేయవచ్చు. అందుకే పరీక్ష చేయించి, డాక్టరు చెప్పాకే ఐరన్. చెప్పాక మానకుండా వేయించండి, నిమ్మరసమో జామపండో తోడు పెట్టండి. టీ మాత్రం భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. తోటకూర, మునగాకు వండినప్పుడు కూడా పైన నిమ్మకాయ పిండండి.

బీ12 గుడ్డు, పాలు, చేప, మాంసంలోనే ఉంటుంది కాబట్టి పూర్తి శాకాహారులు తప్పకుండా చూపించుకోవాలి. లోపం తేలితే మాత్ర. తేలకపోతే మల్టీవిటమిన్, జింకు, ఇమ్యూనిటీ పౌడర్, డబ్బా ప్రొటీన్ ఇవేవీ అక్కర్లేదు. ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు. కెఫీన్ ఓపిక ఉన్నట్టు భ్రమ పెట్టి, రాత్రి నిద్ర చెడగొడుతుంది.

తిన్నదానికంటే తక్కువ ఓపిక ఖర్చు పెట్టాలి

మంచి తిండి మొదలుపెట్టిన పది రోజులకి అమ్మాయి మొహంలో కళ వచ్చింది. సంతోషం పట్టలేక ఆదివారం పాతపట్నంలో చుట్టాలింటికి తీసుకెళ్లాం. నవ్వుతూ తిరిగింది. సోమవారం బాగానే ఉంది. మంగళవారం మంచం దిగలేదు, గొంతు నొప్పి మళ్లీ వచ్చింది, నాలుగు రోజులు పట్టింది లేవడానికి. ఈ జబ్బు తర్వాత ఒళ్లు అలాగే చేస్తుంది. చేసిన రోజు తెలియదు, ఒకటి రెండు రోజులయ్యాక కూలదోస్తుంది.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టాం. ఎడమ పక్క తిన్నవి, కుడి పక్క చేసిన పనులు, కింద మర్నాడు ఎలా ఉందో ఒక్క మాట. రెండు వారాలు రాసేసరికి అమ్మాయికే అర్థమైంది: తలస్నానం ఒక పెద్ద పని, గంట చదువు ఒక పెద్ద పని, రెండూ ఒకే పూట కుదరవు. పని పెంచేటప్పుడు వారానికి కొంచెం. ఇంటి ముందు పది నిమిషాల నడక, వారం నిలదొక్కుకుంటే పదిహేను. పడిపోతే మళ్లీ పదికి. అలాగని రోజంతా మంచంలోనే ఉంచకండి, కండ ఇంకా కరుగుతుంది. పనికి అరగంట ముందు ఏదైనా చిన్న తిండి, అరటిపండో అటుకులో, పని అయ్యాక గంటలోపు గుడ్డో పాలో. ఖాళీ కడుపుతో ఏ పనీ వద్దు.

ఆటలు, బరువులు మాత్రం డాక్టరు పొట్ట తడిమి చూసి సరే అనేదాకా ఆగాలి. జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం మూడు నాలుగు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. కబడ్డీ, క్రికెట్టే కాదు, నీళ్ల బిందె మోయడం, బియ్యం బస్తా ఎత్తడం, గతుకుల రోడ్డు మీద బైక్ వెనక కూర్చోవడం కూడా ఇందులోకే వస్తాయి. కాలేజీకి మొదట సగం రోజు పంపించమని లెక్చరర్లని అడగండి. మేము అడిగితే ఒప్పుకున్నారు. టిఫిన్ డబ్బాతో పాటు నీళ్ల సీసా విడిగా ఇచ్చి, ఎవరితోనూ పంచుకోవద్దని చెప్పాను. తగ్గాక కూడా నెలల తరబడి ఎంగిలిలో వైరస్ ఉంటుంది. వేరే గదిలో పెట్టాల్సిన పని లేదు, గ్లాసు, చెంచా, బ్రష్షు వేరుగా ఉంటే చాలు.

నెలలు గడిచినా తగ్గకపోతే

చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో తేరుకుంటారు, నీరసం మరికొన్ని వారాలు లాగుతుంది. సుమారు పదిమందిలో ఒకరికి ఆరు నెలలకి కూడా తగ్గదు. మూడు నెలలు దాటితే మళ్లీ డాక్టరుకి చూపించండి, నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. చిన్న పనికే మర్నాడు కూలబడిపోవడం, ఎంత పడుకున్నా నిద్ర తీరకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం ఆరు నెలలైనా ఉంటే అది దీర్ఘకాలిక అలసట జబ్బు కావచ్చు. దాన్ని తిండి నయం చేయదు. ఒంటిని ఇంకా దిగజారకుండా కాపాడుతుంది, అంతవరకే. అలాంటి మనిషిని "బద్ధకం, పరీక్షల భయం" అని మాత్రం అనకండి. మా ఇంట్లో ఆ మాట ఒకసారి వచ్చింది. అమ్మాయి రాత్రంతా ఏడ్చింది, మర్నాడు ముద్ద ముట్టలేదు.

ఐదో నెల చివర్లో హిమోగ్లోబిన్ 11.8, బరువు నలభై ఐదున్నర. ఆ వారం నోట్‌బుక్‌లో కుడి పక్క "రోజంతా కాలేజీ, తలస్నానం" అని రాసి ఉంది. కింద, మర్నాటి తేదీతో, "బాగుంది" అని.